జారుడుండలు

ఆ ఆదివారానికి కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆలస్యంగా లేవాలి. కాల్చిన రొట్టె టీలో ముంచుకుని తినాలి. ప్రయాణంలో మాసిన బట్టలన్నీ వాషింగ్ మెషీన్‌లో పడేసి, మధ్యాహ్నం ఎవరు పిలిచినా పలక్కుండా పడుకోవాలి. అత్తగారితో కలిసి ఆసియాలో నాలుగు దేశాలు చుట్టి వచ్చి రెండు రోజులే అయింది. ఒళ్లు ఇంకా విమానంలోనే ఉన్నట్టుంది.

పళ్లు తోముకుంటూ ఉండగా వంటింట్లోంచి భర్త గొంతు వినిపించింది. "అమ్మా, మీరిద్దరూ అక్కడేదో తిన్నారట, దానికోసం ఊరూరా వెతికించారట. గైడ్ ఫోన్‌లో ఒకటే నవ్వు. నిజమేనా?"

అత్తగారు గుండెల నిండా ఊపిరి తీసి వదిలారు. "నిజమే నాన్నా. ఇక్కడ అలాంటిది ఎక్కడ దొరుకుతుందిలే!"

కోడలు నోట్లో బ్రష్‌తో అలాగే నిలబడిపోయింది. ఆ ఊపిరిలో ఎంత బెంగ ఉందో ఆమెకు స్పష్టంగా వినిపించింది. రొట్టె, టీ, నిద్ర, అన్నీ ఆ క్షణంలోనే గాలికి పోయాయి. ఇవాళ ఎలాగైనా సరే అత్తగారికి ఆ వంటకం చేసిపెట్టాలి.

అసలు ఆ ప్రయాణం ముగ్గురూ చేయవలసినది. భర్త లిఫ్టుల ఇంజనీరు. బయల్దేరే ముందురోజు ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టులన్నీ కూడబలుక్కున్నట్టు మొరాయించాయి. "మీరిద్దరూ వెళ్లిరండి. కాస్త దగ్గరవుతారు," అని అతను తల్లినీ భార్యనీ విమానం ఎక్కించి చేతులు దులుపుకున్నాడు.

అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్. ఎక్కడెక్కడి జనానికో వాళ్ల బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన గొంతు అది. ఎదురుగా ఒక్క మనిషి కూర్చుంటే మాత్రం ఆ గొంతుకు ఏం చెప్పాలో తోచేది కాదు. రిటైరై ఈమధ్యే కొడుకింటికి వచ్చారు. కోడలిది పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పని. రోజంతా మైనం, ప్లాస్టరు, మనుషులు లేని పళ్లు. అవి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటాయి గానీ మాట కలపవు. అలా అలవాటైపోయి ఆమెకూ కబుర్లు చెప్పడం అంతంతమాత్రమే.

అందుకని ప్రయాణంలో మొదట ఇద్దరి సంభాషణా ఇలా సాగింది. "ఏసీ తగ్గించనా అత్తయ్యా?" "వద్దమ్మా." "పోనీ పెంచనా?" "వద్దమ్మా." అక్కడితో ఆ పూటకు కబుర్లు అయిపోయేవి. ఇద్దరూ కిటికీలోంచి కొండలు చూసేవారు. ఒకే కొండను ఇద్దరూ చూస్తున్నా, బాగుందని చెప్పుకోవడానికి మొహమాటం.

ఒక కొండ ఊళ్లో పెద్ద వాన పట్టుకుంటే పరిగెత్తుకెళ్లి ఒక రేకుల పంచన తలదాచుకున్నారు. అది ఒక ముసలావిడ నడిపే చిన్న తిండి దుకాణం. వాళ్లు నోరు తెరిచి ఏమీ అడగకుండానే ఆవిడ రెండు గిన్నెలు తెచ్చి ముందు పెట్టింది. బూడిదరంగు రసం. అందులో ఏదో దుంపపిండితో చేసిన నున్నటి ఉండలు. పైన ఒక నల్లటి ఆకు. తడిసిన అట్టపెట్టె వాసన. కోడలు ఒక ఉండ నోట్లో వేసుకుంది. అది పళ్లకు దొరక్కుండా నాలుక మీద ఈదులాడింది. మింగలేక, కక్కలేక, ఏం చేయాలో తెలియక అత్తగారి వైపు చూసింది.

అత్తగారు కళ్లు మూసుకుని, గిన్నె ఎత్తి, ఒక్క గుక్కలో మొత్తం తాగేశారు. కళ్లు తెరిచేసరికి కోడలు తననే చూస్తోంది. "బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నారు.

"అవునత్తయ్యా! ఎంత బాగుందో!" అంది కోడలు, ఉండను ఎలాగో గొంతు దాటించి.

వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. అక్కణ్నుంచి మాటలకు కొదవ లేకపోయింది. ఆ రసంలో ఏం వేసి ఉంటుంది, ఆ నునుపు ఎలా వచ్చి ఉంటుంది, ఆ ఆకు చెట్టుదా తీగదా అంటూ బస్సులో, పడవలో, హోటల్ గదిలో అదే గోష్ఠి. "జారుడుండలు" అని పేరు పెట్టింది అత్తగారే. అది విని కోడలు పడీపడీ నవ్వింది. అత్తగారి నవ్వు ఎంత బాగుంటుందో కూడా అప్పుడే చూసింది. ఇదంతా విన్న గైడ్ ఊరుకుంటాడా? ఏ ఊరు వెళ్లినా ముందుగా విచారించి, ఆ గిన్నెలు దొరికే చోటికే తీసుకెళ్లాడు. ఆఖరి రోజున అత్తగారు బజారులో ఆ దుంపపిండి పెద్ద సంచీడు కొన్నారు. కోడలు తన వంతుగా ఎండబెట్టిన ఆకు కొంది.

ఇప్పుడు ఆ సంచీ విప్పింది కోడలు. పిండిలో నీళ్లు పోసి కలుపుతుంటే ఆమెకు అది ఎక్కడో చూసిన పదార్థంలా అనిపించింది. ఆలోచిస్తే తెలిసింది. పళ్ల అచ్చు తీయడానికి నోట్లో పెట్టే ముద్ద సరిగ్గా ఇలాగే ఉంటుంది. కాకపోతే దానికి కాస్త మంచి వాసన కలుపుతారు. మొదటి ఉండ చేతిలోంచి జారి, నేలమీద రెండు గెంతులు వేసి ఫ్రిజ్ కిందికి వెళ్లిపోయింది. మిగతావి మరిగే రసంలో పడ్డాయి. ఆకు వేయగానే ఇల్లంతా అట్టపెట్టెల గోడౌన్ అయిపోయింది.

అత్తగారు గిన్నె చూసి నిశ్చేష్టులయ్యారు. "నాకోసం చేశావా అమ్మా?" అన్నారు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. తిన్నంతసేపూ ఆవిడ మాట ముద్దముద్దగా వచ్చింది. అంత స్పష్టమైన గొంతు సంతోషంతో పూడుకుపోయిందనుకుంది కోడలు.

భర్త మాత్రం మూడు గిన్నెలు తిన్నాడు. "ఇదేంటోయ్, అమృతంలా ఉంది! ఇన్నేళ్లూ దీన్ని తినకుండా ఎలా బతికాను?" అన్నాడు. అతను మొహమాటానికి మాట్లాడే మనిషి కాదు. నిజంగానే నచ్చింది.

బుధవారం కోడలు ల్యాబు నుంచి అలసిపోయి ఇంటికొచ్చేసరికి మెట్ల దగ్గరే ఆ వాసన ఎదురొచ్చింది. అత్తగారు తలుపు తీసి, సిగ్గుపడుతూ నిలబడ్డారు. "రోజూ పనిచేసి వస్తావు కదా. నీకిష్టమని చేశాను."

ఆ మాటకు కోడలు ప్రాణం కరిగిపోయింది. తన కోసం ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూసి వంట చేయడం ఎన్నాళ్లయిందో! ఆ ఆనందంలో గిన్నె సగం దాకా ఎలాగో లాగించేసింది. మిగతా సగం లాగించడానికి ఆనందం చాల్లేదు. "మిగతాది రేపు పనిలోకి తీసుకెళ్తానత్తయ్యా. ఒక్కసారే అయిపోతే బాధగా ఉంటుంది," అంది. అత్తగారు పొంగిపోయి డబ్బా నిండా సర్దారు.

అక్కణ్నుంచి ఆ ఇంట్లో ఆదివారం కోడలు, బుధవారం అత్తగారు. ఒకరికొకరు తీసిపోకుండా జారుడుండలు చేసుకుంటూ పోయారు. చేసేకొద్దీ ఇద్దరికీ చెయ్యి తిరిగింది. ఉండలు ఇంకా నున్నగా వస్తున్నాయి, ఆకు ఇంకా ఘాటుగా దిగుతోంది. కోడలు తన డబ్బాను ల్యాబులో ప్లాస్టరు గదిలో పనిచేసే పెద్దాయనకు అప్పగించి బతుకు జీవుడా అనుకునేది. కానీ ఆయన మరునాడు డబ్బా తళతళా తోమి తెచ్చాడు. "అమ్మాయ్, కట్టుడు పళ్లవాడికి ఇంతకన్నా స్వర్గం ఉందా? నమలక్కర్లేదు, దానంతటదే పోతుంది. మళ్లీ ఎప్పుడు తెస్తావు?"

ఇంటి దగ్గరా ఇలాంటిదే జరిగింది. కింది అంతస్తులో అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు ఉంటారు. బల్బు మార్చినా, గేటుకు నూనె వేసినా నోటీసు అంటించే మనిషి. ఒకరోజు ఆయన మెట్ల మీద కోడల్ని ఆపేశారు. "మీ అత్తగారు పంపిన జారుడుండలు అద్భుతం అమ్మా! ఆవిడది పెద్ద చెయ్యి. బుధవారం బుధవారం గిన్నె నిండా పంపిస్తున్నారు."

కోడలికి అత్తగారి మీద గౌరవం పెరిగింది. తనకంత ఇష్టమైనది కూడా పక్కవాళ్లకు పెట్టుకునే మనసు! తనేమో పారబోయలేక పంచుతోంది. ఆ తేడా తలుచుకుని సిగ్గుపడింది.

ఎలాగైతేనేం, సంచీ అడుగంటింది. ఒక ఆదివారం కోడలు ఖాళీ సంచీ దులిపి చూపిస్తూ, ముఖం వీలైనంత దిగాలుగా పెట్టుకుని, "అయిపోయిందత్తయ్యా," అంది. అత్తగారు కూడా అంతకన్నా దిగాలుగా, "పోనీలే అమ్మా, ఏం చేస్తాం! అన్నిటికీ ఒక ముగింపు ఉంటుంది," అన్నారు. ఆ పూట ఇద్దరూ చాలా హుషారుగా వంట చేశారు.

వారం తిరక్కుండానే భర్త పార్సెలొకటి భుజాన వేసుకుని, ముఖం చాటంత చేసుకుని ఇంట్లోకి వచ్చాడు. ఆ గైడ్‌ను పట్టుకుని పది కిలోల పిండి, ఆకు ఒక మూట తెప్పించాడు. "మీ ఇద్దరి ముఖాలూ చూళ్లేకపోయాను," అన్నాడు. అత్తాకోడళ్లకు నోట మాట రాలేదు. అది పట్టరాని సంతోషమని అతను తీర్మానించుకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కిందికి వెళ్లి సెక్రటరీగారికి కూడా శుభవార్త చెప్పాడు.

సాయంత్రానికి లిఫ్టు పక్కన నోటీసు వెలిసింది. "మన భవనానికి రంగులు వేయించిన సందర్భంగా వచ్చే ఆదివారం మేడ మీద విందు. ప్రత్యేక వంటకం: జారుడుండలు. వండువారు: మూడో అంతస్తు అత్తాకోడళ్లు. వాసన గురించి ఫిర్యాదులు స్వీకరించబడవు."

ఆదివారం పొద్దున్నే వంటింట్లో పెద్ద డేగిసా ఎక్కింది. భర్త మేడ మీద కుర్చీలు వేయడానికి వెళ్లాడు. ఇన్నాళ్లూ వంతులవారీగా చేయడమే గానీ, ఇద్దరూ ఒకే పొయ్యి ముందు నిలబడి ఆ వంట చేయడం ఇదే మొదలు. ఆకు పడగానే కోడలు "ఇప్పుడే వస్తా" అని గదిలోకి వెళ్లింది. ల్యాబు నుంచి తెచ్చుకున్న దూది రెండు ముక్కుపుటాల్లోనూ కుక్కుకుని తిరిగొచ్చింది. ఆదివారం ఆదివారం తను వంట చేసే పద్ధతి అదే. ఇన్నాళ్లూ చూసేవాళ్లు లేరు.

"ఉప్పు చూడమ్మా," అన్నారు అత్తగారు గరిటె అందిస్తూ.

"బీరే చూడండి అత్తయ్యా. బీకు తెలిసిదంత దాకు తెలీదు."

"ఏవిటీ?"

"అదే, బీరే చూడండి అంటుద్దాను."

అత్తగారు దగ్గరికి వచ్చి కోడలి ముఖంలోకి తేరిపార చూశారు. ముక్కులోంచి ఒక దూదిపోగు బయటికి వేలాడుతోంది. ఆవిడ రెండు వేళ్లతో దాన్ని పట్టుకుని లాగారు. లాగుతూనే ఉంటే వస్తూనే ఉంది.

కోడలు చచ్చేంత సిగ్గుతో తల దించుకుంది. "అత్తయ్యా, మీరు బాధపడకండి. నాకు... ఆ వాసన పడదు. మొదటి రోజు నుంచీ పడదు."

అత్తగారు గరిటె పక్కన పెట్టారు. నోట్లో వేలు పెట్టి బుగ్గలోంచి ఒక్కొక్కటిగా నాలుగు లవంగాలు తీసి అరచేతిలో పోసుకున్నారు. "ఇవి లేకుండా నేను ఒక్క ముద్ద మింగితే ఒట్టు," అన్నారు చాలా స్పష్టంగా.

కోడలికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మరి ఆ రోజు ఒక్క గుక్కలో తాగేశారుగా?"

"మందులా మింగేశానమ్మా. ఆ ముసలావిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని. కళ్లు తెరిస్తే నువ్వు నావైపే ఆశగా చూస్తున్నావు. నీకు నచ్చిందనుకున్నాను."

"నేను పారిపోదామా అని చూశానత్తయ్యా!"

"మరి కింది సెక్రటరీగారికి ఎందుకు పంపేదాన్నని అనుకున్నావు? దానగుణమా?"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వు తన్నుకొచ్చింది. నవ్వీ నవ్వీ కోడలు నేలమీద చతికిలబడింది. అత్తగారు ఫ్రిజ్‌కి ఆనుకుని పక్కనే కూర్చున్నారు. కాసేపటికి నవ్వు తగ్గింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అంది కోడలు.

అత్తగారు లవంగాలు అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నారు. "మనిద్దరికీ కలిసిందే అదొక్కటి కదమ్మా. అదీ అబద్ధమని తేలితే మళ్లీ ఏసీ దగ్గరికే వెళ్లిపోతామేమోనని భయం. నాకు మైకు ఇస్తే ఎంతసేపైనా మాట్లాడతాను. నీతో ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు."

కోడలు ముక్కులో మిగిలిన రెండో దూది తీసి పారేసి, అత్తగారి భుజం మీద తల ఆనించింది. ఆవిడ కాస్త బిగుసుకుని, తర్వాత సర్దుకుని కూర్చున్నారు. కాసేపటికి కోడలు రొట్టె కాల్చి, టీ పెట్టి తెస్తే ఇద్దరూ ఆ నేలమీదే కూర్చుని తిన్నారు. రొట్టె, టీ వాళ్లకు మరెప్పుడూ అంత రుచించలేదు. మాటలు మాత్రం ఆగలేదు. స్టేషన్‌లో ఒకసారి మైకు కట్టేయడం మరిచిపోయి, పై అధికారిని తిట్టింది ఊరంతా విన్న సంగతి అత్తగారు చెప్పారు. ఒకరి పళ్లు ఒకరికి వెళ్లిపోయి, ఆ ఇద్దరూ ఇవే బాగున్నాయని తిరిగివ్వకపోయిన సంగతి కోడలు చెప్పింది.

డేగిసా కుతకుతమనడంతో ఈ లోకంలోకి వచ్చారు. "ఇప్పుడు దీన్నేం చేద్దామత్తయ్యా?"

"ఒక్కటే దారి," అన్నారు అత్తగారు నడుం బిగించి. "ఇవాళ దీన్ని ఎవరూ రెండో ముద్ద తినలేనట్టు చేసేద్దాం. ఇక జన్మలో అడగరు."

ముందుగా ఆకంతా దేవి చెత్తబుట్టలో పడేశారు. దాని బదులు చేతికందిందల్లా వేశారు. గుప్పెళ్లకొద్దీ కారం, పది నిమ్మకాయల రసం, పంచదార, మాడిపోయేదాకా వేయించిన వేరుశనగలు, ఎప్పటిదో ఒక సీసాలో మిగిలిన మామిడిపండ్ల జామ్. "ఇంకాస్త!" అని ఒకరు, "ఇదిగో ఇది కూడా!" అని ఒకరు. చిన్నపిల్లలు బురదలో ఆడినంత ఆనందంగా కలియతిప్పారు. రుచి చూసే సాహసం ఇద్దరిలో ఎవరూ చేయలేదు.

మేడ మీద మొదటి గిన్నె సెక్రటరీగారికే అందింది. ఆయన ఒక ఉండ నోట్లో వేసుకున్నారు. ముఖం ఎర్రబడింది, కళ్లు నీళ్లు కారాయి, చెవులు కదిలాయి. జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సెక్రటరీగారు ముక్కు తుడుచుకుని, "అక్కయ్యగారూ, ఇది అన్యాయం!" అని అరిచారు. "ఇంత రుచి చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లూ మాకు ఆ మామూలువి పంపిస్తారా!"

ఆ తర్వాత గరిటెకు విశ్రాంతి లేదు. కోడలు పిలవగా వచ్చిన ప్లాస్టరు గది పెద్దాయన డేగిసా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏది ఎంత వేశారని నలుగురూ చుట్టుముడితే, అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నీళ్లు నమిలారు. చివరికి డేగిసా గీకిన చప్పుడు వినిపించింది. వాళ్లిద్దరికీ చెంచాడు కూడా మిగల్లేదు.

ఆ సంబరంలో ఒక్క మనిషే దిగులుగా ఉన్నాడు. భర్త పిట్టగోడ దగ్గర నిండు గిన్నెతో నిలబడి ఉన్నాడు. "జనం మెచ్చాలని మీకిష్టమైనదాన్ని పాడుచేసుకున్నారు కదూ? ఆ ఆకే లేదు. మీరిద్దరూ ఒక్క ఉండ కూడా నోట్లో వేసుకోలేదు, నేను చూస్తూనే ఉన్నాను," అన్నాడు. గొంతులో నిజమైన బాధ.

రేపు పొద్దున్నే అతనికి నిజం చెప్పేయాలని అత్తాకోడళ్లు ఆ రోజే ఒట్టు పెట్టుకున్నారు. ఇకమీద ఈ ఇంట్లో మొహమాటాలు లేవు, నచ్చనిది నచ్చలేదనే చెప్పాలి అనుకున్నారు. ఎవరు మొదలుపెట్టాలో, ఎవరు అందుకోవాలో కూడా అనుకున్నారు.

పొద్దున్న ఇద్దరూ లేచి వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. జీవితంలో గుడ్డు కూడా ఉడికించి ఎరగని మనిషి పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద పిండి, చొక్కా నిండా పిండి, కాలిన బొటనవేలికి తడిగుడ్డ. ఇల్లంతా అట్టపెట్టెల వాసన. "కూర్చోండి, కూర్చోండి. అచ్చం అసలు పద్ధతే. ఆకు రెండింతలు వేశాను," అంటూ పొగలు కక్కే గిన్నెలు రెండు తెచ్చి తల్లి ముందొకటి, భార్య ముందొకటి పెట్టాడు. పెట్టి, చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు.

అత్తగారు కోడలి వైపు చూశారు. కోడలు అత్తగారి వైపు చూసింది. ఒట్టు ఇద్దరికీ గుర్తుంది. అతని బొటనవేలూ ఇద్దరికీ కనిపిస్తోంది. అత్తగారు చెంచా తీసుకుని, ఒక ఉండ మింగి, గొంతు సవరించుకున్నారు. "నాన్నా..." అని అక్కడే ఆగిపోయారు.

"ఇంత బాగా మా ఇద్దరికీ ఎప్పుడూ కుదరలేదండీ," అని మిగతాది కోడలు పూర్తిచేసింది.

అతను తృప్తిగా తలూపి, ఫోన్ తీసి, ఈసారి ఇరవై కిలోలు పంపమని గైడ్‌కు చెప్పాడు.